ఎనిమిదికే పిలిచిన గొంతు

మా బావ రాళ్ల క్వారీలో కేకలాయన. తూటాలు పేల్చే ముందు మూడు కేకలు వేసి అందర్నీ బండల చాటుకు తరిమేవాడు. పేలుళ్లు అయ్యాక ‘రావచ్చో’ అని ఒక్క కేక. ఆ కేకకి ఎదురుకొండ లేచి నిలబడి మళ్లీ కూర్చునేదని నేను చెబితే క్వారీలో ఎవడూ నమ్మడు. ఏడో తరగతిలో బడికి నేనే సెలవిచ్చానన్నా నమ్మరు. నా మాటకి అక్కడ అంత విలువ.

బావకి గొంతు క్యాన్సరొచ్చింది. ఆసుపత్రిలో చేరే ముందు యజమాని ఆయన కేకలన్నీ రికార్డు చేయించి మైకు పెట్టెలోకి ఎక్కించాడు. ముప్పైమూడు సార్లు రేడియేషన్ కరెంటు పెట్టించుకుని ఇంటికొచ్చిన బావ నోరు తెరిస్తే, గరుకు కాగితం గోడకి రుద్దిన చప్పుడు. అరవొద్దు, గుసగుసలాడొద్దు, మెల్లగా మాట్లాడమంది గొంతు డాక్టరమ్మ. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి ‘ఊ’ అంటూ బుడగలు ఊదమంది. నాలుగు నెలలు ఊదాడు. ఇంకాస్త ఊదితే చేపలు పుడతాయన్నాను. నవ్వబోయి దగ్గాడు. అక్క చూసిన చూపుకి నేను అన్నం సగంలో లేచిపోయాను.

నెలాఖరుకి గొంతు రాకపోతే పెట్టెతోనే సరిపెట్టుకుంటానని యజమాని కబురంపాడు. వచ్చినంత గొంతు వినిపించి రావడానికి బావ నాతో క్వారీకి బయల్దేరాడు.

ఆ రోజు తొమ్మిది తూటాలు. యజమాని కూడా మాతోపాటే బండ చాటున ఉన్నాడు. పెట్టె మూడు కేకలూ వేసింది. తన పాత గొంతు వినలేక బావ మొహం తిప్పుకున్నాడు. పేలుళ్లు మొదలయ్యాక ఒక్కో చప్పుడికీ ఒక్కో వేలు మడుస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా అలా లెక్క సరిపోయాకే పిలిచేవాడని మాకెవరికీ తెలీదు. పెట్టెకి కేక ఎక్కించారు గానీ లెక్క ఎక్కించలేదు.

ఎనిమిది వేళ్లు మడిచాడు. తొమ్మిదోది అలాగే నిలబడి ఉంది. దుమ్ము కిందికి దిగుతోంది. ఎక్కడా చప్పుడు లేదు. టైము కాగానే పెట్టె పిలిచింది, ‘రావచ్చో’. పన్నెండుమంది పలుగులు భుజానేసుకుని గోతిలోకి దిగసాగారు.

బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. “ఎనిమిదేరా. ఒకటి లోపలే ఉంది.”

నేను అరిచాను. ఆ క్వారీలో నాకున్నంత గొంతు ఇంకెవరికీ లేదు. మేస్త్రీ వెనక్కి తిరక్కుండానే అన్నాడు, “మొన్న పులిని చెప్పుతో కొట్టిందీ వీడే.” నవ్వుకుంటూ నడిచారు.

బావ కూడా అరవబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గబగబా పెట్టె దగ్గరికెళ్లి, మైకు పెదాలకి ఆనించుకుని, గ్లాసులోకి ఊదినంత మెల్లగా అన్నాడు:

“నేనే. ఎనిమిదే పేలాయి. వెనక్కి రండి.”

ఆ బొంగురు గొంతు గోతి నిండా పరుచుకుంది. అందరూ ఆగారు. ఇరవై రెండేళ్లు ఎరిగిన గొంతు రమ్మంది, ఎప్పుడూ వినని గొంతు వద్దంటోంది. ముందుగా మేస్త్రీ వెనక్కి అడుగేశాడు. ఆ వెనకే మిగతావాళ్లు.

చివరివాడు బండ చాటుకు చేరాక తొమ్మిదోది పేలింది. వాళ్లు ఆగిన చోట మంచమంత రాయి పడింది. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు, వెళ్లి కొలుచుకోండి.

బావ తొమ్మిదో వేలు మడిచాడు.

“తొమ్మిది. ఇప్పుడు రావచ్చు,” అన్నాడు మైకులో.

ఆ బొంగురు పిలుపుకే యజమానితో సహా అందరూ బండల చాటు నుంచి లేచారు.