బి సెక్షన్ టీచరు గారు, నా కడుపుమంట

బి సెక్షన్ టీచరు గారు పోయారని మా స్కూలు వాట్సాప్ గ్రూపులో ఉదయం ఆరున్నరకి వచ్చింది. నాలుగు రోజుల జ్వరమట. చదివి, చేతిలో కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, కింద వస్తున్న సందేశాలు చూస్తూ కూర్చున్నాను. ఎంతమంది పాత పిల్లలు ఏడుపు బొమ్మలు పెట్టారో లెక్కపెడుతున్నానని కాసేపటికి గానీ నాకే తెలిసిరాలేదు. నేను పోతే ఇంతమంది పెడతారా అన్నదే నాకొచ్చిన మొదటి ఆలోచన. సిగ్గుచేటే. కానీ ఆవిడ గురించి రాసేటప్పుడు అబద్ధంతో మొదలుపెట్టడం నావల్ల కాదు.

పటమటలో మా స్కూలు చిన్నది. రేకుల గదులు, మధ్యలో పైదాకా లేవని గోడ. గోడకి ఇటు మూడో తరగతి ఎ సెక్షన్, నేను. అటు బి సెక్షన్, ఆవిడ. మైలవరం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. నాకంటే ఆరేళ్ళు చిన్న, నన్ను మేడమ్ గారూ అనేవారు. గొంతు పెద్దది కాదు, చేతిలో బెత్తం లేదు. అయినా అటునుంచి నవ్వులు వినబడేవి. నా పిల్లలు ఎక్కం మధ్యలో ఆపి గోడవైపు చూసేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆవిడ క్లాసులో రబ్బరు వాడకూడదు. జూన్‌లో బడి తెరిచిన రోజే అందరి రబ్బర్లూ తీసి ఒక బిస్కెట్ డబ్బాలో వేసి బీరువా పైన పెట్టేసేవారు. లెక్క తప్పితే దాని మీద ఒక్క గీత కొట్టి కింద మళ్ళీ చేయాలి. చెరపకూడదు. అందుకని బి సెక్షన్ పుస్తకాలు కోళ్ళు కెలికిన పెరడులా ఉండేవి. నా సెక్షన్ పుస్తకాలు ముత్యాలు. తనిఖీకి ఎవరొచ్చినా హెడ్‌మాస్టరు గారు చూపించేది నా సెక్షన్ పుస్తకాలే. ఆ గర్వమే నాకు మిగిలిన ఆస్తి.

పిల్లలెవరైనా నాకు రాదు టీచర్ అంటే ఆవిడ ఒక్కటే అడిగేవారు. "రాదు అనకమ్మా. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పు." ఆ పిల్లో పిల్లాడో వెతుక్కుని, ఇదిగో ఇక్కడిదాకా వచ్చింది టీచర్ అని వేలు పెట్టి చూపించేవారు. ఆవిడ అక్కడినుంచి మొదలుపెట్టేవారు. చూడ్డానికి ఎంత తేలిక! గోడకి ఇటు నిలబడి నేనూ మనసులో అనుకుని చూశాను. నా నోట్లో ఆ మాట ఇమడలేదు.

ఇంతవరకైతే పక్క గది టీచరు మీద ఉండే మామూలు కుళ్ళే. ఇక మా అమ్మాయి లహరి సంగతి చెప్పాలి. సొంత పిల్లలు సొంత క్లాసులో ఉండకూడదని మా స్కూల్లో నియమం. అందుకని మూడో తరగతికి అది బి సెక్షన్‌కి వెళ్ళింది. దానికి భాగహారం అంటే భయం. నీకు లెక్కలు రావే, మీ నాన్న పోలిక అని నేను రోజుకి రెండుసార్లయినా అనేదాన్ని. ప్రేమగానే అంటున్నాననుకునేదాన్ని.

ఒక శనివారం అది గంతులేస్తూ వచ్చి, "అమ్మా, ఇవాళ నా తప్పు బోర్డెక్కింది" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీచరు కూతుర్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తుందా? సోమవారం ఇంటర్వెల్లో నేరుగా వెళ్ళి అడిగేశాను. ఆవిడ కంగారు పడలేదు.

"మీ అమ్మాయి చాలా మంచి తప్పు చేసిందండీ మేడమ్ గారూ. సగం క్లాసుకి ఉన్న తప్పు అది. ఎవరూ బయటపెట్టలేదు, తను బయటపెట్టింది."

ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో ఆవిడ ఆ వారం వచ్చిన తప్పుల్లో ఒకటి ఎంచి బోర్డు మీద రాసేవారు. చేసినవాళ్ళు ఆవిడ కుర్చీలో కూర్చుని అది తమకెలా వచ్చిందో చెప్పాలి. ఆవిడ పిల్లల బెంచీ మీద కూర్చుని వినేవారు. ఆ తర్వాతి శనివారం కూడా లహరి వంతే వచ్చింది. నేను వరండాలో స్తంభం చాటున నిలబడి విన్నాను. ఆరువందల పన్నెండు మామిడికాయలు ఆరు బుట్టల్లో సమానంగా సర్దాలి. మా అమ్మాయికి బుట్టకి పన్నెండు వచ్చాయి. ఒకట్లో ఆరు పోదు కదా, అందుకని దాన్ని వదిలేసి పక్కనున్న రెండుని కలుపుకున్నాను అని చెబుతోంది, మహా పండితురాలిలాగా. "అలాగా? మరి మిగతా కాయలన్నీ కోతులు పట్టుకుపోయాయా?" అన్నారు ఆవిడ. క్లాసంతా నవ్వింది. మా అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వుతూనే లేచి, ఒకటికీ రెండుకీ మధ్యన సున్నా పెట్టింది. ఇంట్లో లెక్కల పుస్తకం తీస్తేనే కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్ల అది.

సంతోషపడాలి కదా. పడలేదు. ఇంట్లో టీచర్ని నేనుండగా "మా టీచరు" అంటే ఆవిడే. మా టీచరు ఇలా అన్నారు, మా టీచరు అలా చెప్పారు. ఒక రాత్రి భోజనాల దగ్గర అలవాటుగా నీకు లెక్కలు రావే అన్నాను. "రాదు అనకూడదమ్మా. నాకు సున్నా దాకా వచ్చింది" అంది. వెక్కిరిస్తోందనుకుని ఒకటి అంటించాను. అది ఏడవలేదు. మా టీచరైతే కొట్టరు అన్నట్టు చూసింది. దానికి ఆ ఆలోచన ఉందో లేదో, నాకు మాత్రం అలాగే కనబడింది.

ఆ వారమే నేను చేయకూడని పని చేశాను. లహరి లెక్కల నోటుబుక్కు, నా సెక్షన్‌లో అందరికంటే శుభ్రమైన నోటుబుక్కు పట్టుకుని హెడ్‌మాస్టరు గారి గదికి వెళ్ళాను. టీచరుగా రాలేదు సార్, తల్లిగా వచ్చాను అన్నాను. ఇన్ని కొట్టివేతలా, పిల్లలకి శుభ్రత అనేదే తెలియకుండా పోతోంది, తప్పు చేస్తే మెచ్చుకుంటున్నారు అన్నాను. ఆయన రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశారు. దసరా సెలవుల తర్వాత ఆవిడని ఒకటో తరగతికి మార్చారు. ఒకటో తరగతి టీచరు బి సెక్షన్‌కి వచ్చింది. డబ్బాలో రబ్బర్లు పిల్లలకి తిరిగి పంచారు. మిగతా ఏడాదంతా లహరి చెరిపి చెరిపి కాగితాలకి చిల్లులు పెట్టింది.

ఇక్కడ ఆవిడ గురించి ఒక సంగతి చెప్పాలి. ఒకటో తరగతి ఇచ్చిన మర్నాడే ఆవిడ నా దగ్గరికి వచ్చారు.  నేను చేసింది తెలిసిపోయిందనుకున్నాను. "మేడమ్ గారూ, మీరు ఒకటో తరగతి ఐదేళ్ళు చెప్పారట కదండీ. చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించడం నాకు రాదు. కొంచెం నేర్పుతారా?" అన్నారు. అంతే. స్టాఫ్ రూములో నలుగురు వింటుండగా, ఏమాత్రం జంకు లేకుండా. మూడు వారాలు సాయంత్రం నాలుగింటికి నా గదికొచ్చి పలక పట్టుకుని కూర్చున్నారు. పిల్లల చెయ్యి ఎలా పట్టుకోవాలో, అ అక్షరం దగ్గర సుద్దముక్క ఎటు తిప్పించాలో నేను చూపిస్తుంటే పుస్తకంలో రాసుకునేవారు. నాకు ఆ గౌరవం బాగుండేది, ఆవిడ ముఖంలోకి చూడ్డానికి సిగ్గుగానూ ఉండేది. నాకు రాదు, నేర్పుతారా అనే రెండు మాటలు ఆవిడతో అనడం ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా చేతకాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత మా టీచర్లందరికీ ఒక శిక్షణ పెట్టారు. గ్రోత్ మైండ్‌సెట్ అని ఒకాయన తెర మీద బొమ్మలు వేసి చెప్పారు. తెలివి పుట్టుకతో వచ్చి అక్కడే ఆగిపోదని, పెంచితే పెరుగుతుందని. ఆవిడ చేస్తున్నదానికి ఇంగ్లీషులో ఒక పేరుందని అప్పుడు తెలిసింది. ఎంత కష్టపడ్డా రాని పిల్లాడికి ఏం చెప్పాలి సార్ అని ఆవిడ అడిగారు. ఇంకా కష్టపడమని చెప్పండి అన్నారాయన. ఆవిడ తల అడ్డంగా ఊపి, మళ్ళీ అలాగే కాదండీ, ఇంకో రకంగా కష్టపడాలి అని మెల్లగా అన్నారు. నేను మాత్రం సర్టిఫికెట్ తెచ్చుకుని, రంగు చార్టుల మీద నేను చేయగలను అని రాసి గోడలకి అంటించి, రోజూ ప్రార్థన తర్వాత పదిసార్లు అనిపించాను. పిల్లలు గొంతు చించుకుని అనేవాళ్ళు. అని, కూర్చుని, రబ్బరు తీసేవాళ్ళు.

మైలవరంలో భూస్థాపనకి నేనూ లహరీ వెళ్ళాం. లహరి ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తోంది. పాత విద్యార్థులు ఎవరైనా రెండు మాటలు చెప్పండి అని పాస్టరు గారు అంటే లేచింది. నాతో ఒక్క మాటైనా అనకుండా లేచింది.

"మా టీచర్ని సంవత్సరం సగంలో ఎందుకు మార్చారో నాకు ఇప్పటికీ తెలియదు. నా లెక్కలు చూసి విసిగిపోయి వెళ్ళిపోయారేమో అని చాలా రోజులు ఏడ్చాను" అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల ఆ మాట మనసులో పెట్టుకుని నా పక్కనే పడుకుందని నాకు తెలియదు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా చెప్పేశాను. నేనే చెప్పాను హెడ్‌మాస్టరు గారికి, నీ పుస్తకమే చూపించాను అన్నాను. అది తలుపు దగ్గరే ఆగిపోయింది. ఎందుకమ్మా అంది.

"కుళ్ళు. ఆవిడకి వచ్చింది, నాకు రాలేదు. వెళ్ళి అడగడానికి నోరు రాలేదు."

లహరి నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఆదివారం టీచరు గారింటికి వెళ్దాం, వాళ్ళాయనకి నువ్వే చెప్పాలి అంది.

ఆవిడ భర్త మామిడితోట చూసుకుంటారు. నేను చెప్పిందంతా తల వంచుకుని విన్నారు. తన భార్యకి ఈ సంగతి తెలుసో లేదో తనకి తెలియదన్నారు. ఆ ఏడు ఆవిడ రోజూ వంటింట్లో నిలబడి ఒకటో తరగతి పాఠం తనకి చెప్పి చూసుకునేవారట. రావట్లేదని ఏడ్చేవారట. మూడో తరగతి ఇచ్చిన కొత్తలో కూడా అంతేనట, పిల్లలు మాట వినక రెండేళ్ళు బస్సులో ఏడుస్తూ వచ్చేవారట.

ఆవిడది పుట్టుకతో వచ్చిన విద్య అని ఇన్నేళ్ళూ నమ్మాను. అలా నమ్మితేనే నాకు సుఖంగా ఉండేది. పుట్టుకతో వచ్చేదైతే, నాకు లేకపోవడం నా తప్పు కాదు కదా. ఆ మాటలు విన్నాక కుళ్ళు తగ్గలేదు, నిజం చెబుతున్నాను, ఇంకా పెరిగింది. ఆవిడ ఏడ్చిన ఆ రెండేళ్ళ మీద, నేను పడని ఆ కష్టం మీద. అలాంటి మనిషి గోడకి అవతలే ఉన్నందుకు కృతజ్ఞత కూడా ఆ రోజే కలిగింది, బాగా ఆలస్యంగా. లేవబోతూ ఆవిడ గురించి రాద్దామనుకుంటున్నానని చెబితే ఆయన, ఇదే రాయండి మేడమ్ గారూ, పొగడ్తలు తనకి పడవు అన్నారు. అందుకే ఇలా రాశాను.

తిరుగు బస్సులో లహరి కిటికీ పక్కన కూర్చుంది. బస్సెక్కితే నా భుజం మీద వాలి నిద్రపోవడం దానికి చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆ రోజు అటు తిరిగి, కిటికీ చువ్వకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. రోడ్డు బాగాలేదు. గుంతలో పడ్డప్పుడల్లా చువ్వ దాని కణతకి కొట్టుకుంటోంది. కాసేపు చూసి, చువ్వకీ దాని తలకీ మధ్యన నా అరచెయ్యి పెట్టాను. లహరి కళ్ళు తెరవలేదు. నా చెయ్యి తీసెయ్యనూ లేదు.