సిమెంటు దూడ

రాచర్ల నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో మా డెయిరీ ముందు ఒక సిమెంటు బర్రె, దాని పొదుగు దగ్గర ఒక సిమెంటు దూడ ఉన్నాయి. గుళ్లకు బొమ్మలు పోసే మేస్త్రీని పిలిపించి నాయన చేయించాడు. కింద ‘దూడ తాగినాకే మీకు’ అని రాయించాడు. పచ్చి అబద్ధం. పాలకు పనికిరాని దున్నదూడ పుడితే రెండు గుక్కలు తాగనిచ్చి లాగేసేవాడు. మిగతాదంతా హోటల్ క్యానులోకే. మా వైపు పాలమ్మేవాళ్లు చాలామంది చేసేదే కాబట్టి నాకూ తప్పనిపించలేదు.

ఆ ఏడు మా పెద్ద బర్రె దూడ అట్లాగే ఎండిపోయి చచ్చింది. అలాంటప్పుడు దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెడతారు. అది వాసన చూసి పాలు చేపుతుంది. నాయన తొందర మనిషి. అమ్మ చర్చి నుంచి వచ్చేలోపే దూడను పూడ్పించేశాడు. సాయంత్రం బర్రె చుక్క కూడా చేపలేదు. మూడు రోజులు అంతే. పొదుగు మీద చెయ్యి వేస్తే తన్నేది.

"చేపని బర్రెను పెట్టుకోని ఏం జేస్తాం? శుక్రవారం బేరగాడు వస్తాడు, తోలేద్దాం," అన్నాడు నాయన. బేరగాడికిస్తే కబేళాకే పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఏంది తోలేది? దూడను సంపింది అదా?" అంది అమ్మ.

గురువారం పొద్దున అమ్మ తౌడులో ఉప్పునీళ్లు కలిపి సిమెంటు దూడ వీపంతా పూసింది. చచ్చిన దూడ పలుపు తెచ్చి దాని మెడకు చుట్టింది. బర్రెను తోలుకొచ్చి ఎదురుగా కట్టేసింది. అది పలుపును చాలాసేపు వాసన చూసింది. తర్వాత దూడను నాకడం మొదలుపెట్టి, నాకుతూ నాకుతూనే చేపింది. బస్సులో వాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. మరునాడు బేరగాడు టీ తాగి ఉత్తచేతులతో పోయాడు.

ఆ ఈతంతా, అది పాలిచ్చినన్నాళ్లూ, రెండు పూటలా రోడ్డు పక్కనే పిండాం. ఆ వింత చూడటానికి ఆగినవాళ్లు పాలూ కొనుక్కుపోయేవారు. దూడ మీది రంగంతా పోయింది.

"నీ బర్రె మంచి పేరు తెచ్చింది," అన్నాడు నాయన ఒకరోజు.

"పేరేంది? అది రోజూ బిడ్డనే నాకుతున్నా అనుకుంటాది. సిగ్గుతో చస్తన్నా నేను," అంది అమ్మ.

మరుసటి ఈతలోనూ దున్నదూడే పుట్టింది. జున్నుపాల రోజులు గడిచాక నాయన క్యాను పట్టుకుని కొట్టంలోకి వచ్చాడు. దూడ తాగుతోంది. అలవాటుగా దాని పలుపు అందుకున్నాడు. అందుకుని, వదిలేశాడు. కడుపు నిండి దూడ తనంతట తను పక్కకు తిరిగేదాకా గోడకానుకుని నిలబడ్డాడు. తర్వాత హోటల్‌కు ఫోన్ చేసి, ఈ పూట పాలు లేవని చెప్పాడు.