శ్రావణి వాళ్ళ మేనత్త

2023 చలికాలం. కెనడాలోని సస్కటూన్‌లో ఏ బస్సెక్కినా తెలుగు వినబడుతున్న రోజులు. నేను యూనివర్సిటీలో యూరప్ తొలి మధ్యయుగ చరిత్ర చెప్పేదాన్ని. "దాంతో ఉద్యోగాలొస్తాయా?" అని నన్నడగని తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ. వారానికి రెండుసార్లు ఆఫీస్ అవర్స్ ఉండేవి. అప్పుడు విద్యార్థులు ఎవరైనా గదికి వచ్చి సందేహాలు అడగవచ్చు.

ఒకరోజు శ్రావణి వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల. చదివేది కంప్యూటర్ సైన్స్, నా కోర్సును ఎలక్టివ్‌గా తీసుకుంది. రాజ్యాల మధ్య సంధి కోసం పెళ్ళిచేసి పంపిన రాణుల మీద ఆమె రాసిన పేపర్ సారాంశం ఒక్కటే: పాపం, వాళ్ళు పావులు.

"పావులైతే, భర్త పోయిన రాణి పసికొడుకు సింహాసనాన్ని ఎలా కాపాడింది? పుట్టింటి సైన్యాన్ని ఎవరు రప్పించారు?" అన్నాను.

"అవన్నీ పుస్తకాలల్ల ముచ్చట్లు మేడమ్. ఎండాకాలం నాకు పెండ్లి చేస్తరట, మా బావతోని. చదువు ఇడిసిపెట్టి వాంకూవర్ పోవాలె. ఇష్టం లేదంటే డాడీ వింటలేడు. డాడీ సర్పంచ్‌గ నిలబడుతడు, ఎలక్షన్ల మామయ్య మా దిక్కు ఉండాలెనంట." కళ్ళు తుడుచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు అదుపులో పెట్టుకుని, క్లాసులో అడిగే ప్రశ్నే అడిగాను. "మీ నాన్నకూ మామయ్యకూ మాటల్లేనప్పుడు రాయబారం నడిపేదెవరు?"

"ఇంకెవరు, మా మేనత్త. డాడీకి అక్క, మామయ్యకు భార్య. మా బావ వాళ్ళమ్మ."

"ఆమె వద్దంటే?"

"ఇద్దరూ కిక్కురుమనరు మేడమ్. కానీ అత్తమ్మను ఎవ్వలూ అడగలే."

"నువ్వడుగు."

పేపర్‌కు ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు గడువు, ఇచ్చి పంపాను. ఆమె వెళ్ళాక నాకే బెంగ పట్టుకుంది. పెళ్ళికొడుకు తల్లి దగ్గరికే పంపానే, అదే బెడిసికొడితే?

తర్వాతి వారం శ్రావణి తేలికపడ్డ మొహంతో వచ్చింది. పెళ్ళి ఆగిపోయింది.

"ఏమన్నారు మీ అత్తయ్య?"

"నేను లైన్ల ఉండంగనే ఇద్దరికీ ఫోన్ కలిపింది మేడమ్. 'మీ రెండిండ్ల కొట్లాట ఆపెతందుకు పదోతరగతిల నన్ను బడి మాన్పించి ఇచ్చిన్రు. నేనొక్కదాన్ని సరిపోలేదా?' అన్నది."

ఆ రాణుల పలుకుబడి గురించి నేను ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాను. వాళ్ళు కూడా ఒకప్పుడు మాటవరసకైనా అడగకుండా ఇచ్చేసిన ఆడపిల్లలేనని నాకు నేర్పింది మాత్రం, నేనెన్నడూ చూడని ఆ మేనత్త.