లోపల నిలువు, బయట అడ్డం

నా చిన్నప్పుడు నాకు జరిగిన ఒక అన్యాయం గురించి ఇప్పటిదాకా ఎవరూ పూర్తిగా వినలేదు. మొదలుపెట్టగానే మా ఆవిడకు పొయ్యి మీద ఏదో గుర్తొస్తుంది. మా అబ్బాయి మోగని ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడుస్తాడు. మనవరాలు మాత్రం ఒకసారి సగం దాకా విని, "ఇంతకీ కారు బాగైందా తాతా?" అని అడిగింది. కారుకు ఏమీ కాలేదు. అయింది నాకు. అందుకే ఈసారి కూర్చుని మొదటి నుంచి రాస్తున్నాను.

మాది తాండూరు. మా పెద్దనాయనకు బండల కార్ఖానా ఉండేది. గనుల నుంచి వచ్చిన నాపరాళ్ళను కోసి, నున్నగా చేసి, లారీలకు ఎక్కించడం అక్కడి పని. ఆ రాతిపొడి మా ఊళ్ళో అందరికీ చుట్టమే. ఆరేసిన బట్టల మీద, తోమిన గిన్నెల మీద, ముసలివాళ్ళ కనుబొమల మీద తెల్లగా కూర్చుంటుంది. పొద్దున దులిపితే మధ్యాహ్నానికి మళ్ళీ వస్తుంది. దాన్ని మేమెవరం పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు, పెద్దనాయన పాత అంబాసిడర్ కారు ఒకటి కొనేదాకా.

కారు వచ్చిన నెలకే మా అక్కకు, అంటే పెద్దనాయన కూతురికి, సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది వికారాబాద్. లగ్నపత్రిక తీసుకుని పెద్దవాళ్ళంతా కారులో వెళ్ళాలని నిర్ణయమైంది. ముందు సీట్లో పెద్దనాయన, కారు నడిపే మా నాయన. వెనక పెద్దమ్మ, మా అమ్మ, మేనత్త. వాళ్ళు సర్దుకుని కూర్చుంటే కుడివైపు కిటికీ పక్కన ఒక్క పిల్లవాడికి చోటు మిగులుతుంది. పిల్లలమేమో ఇద్దరం. నాకు తొమ్మిదేళ్ళు. పెద్దనాయన కొడుకు, అంటే మా అన్న, నాకంటే మూడేళ్ళు పెద్ద. వికారాబాద్‌కు అంతకుముందు రైల్లో వెళ్ళాను గానీ, ఎప్పుడూ ఎవరి ఒళ్ళోనో మోకాళ్ళ మధ్యనో నిలబడే వెళ్ళాను. ఈసారి కిటికీ పక్కన కూర్చోవాలి. ధారూర్ దగ్గర రైలు కనిపిస్తే, కారులోంచి దానికి చెయ్యి ఊపాలి. నాలుగు రాత్రుల ముందు నుంచే ఆ చెయ్యి ఎలా ఊపాలో అనుకుంటూ పడుకున్నాను.

ఆ పొద్దున పెద్దనాయన ఒక మాట అన్నాడు. "కుడి పక్క అద్దాలు చిన్నోడు, ఎడమ పక్కయి పెద్దోడు. లోపలా బయటా తుడవాలె. ఎవని అద్దం సాఫుగుంటె వాడే వస్తడు." ఇంతవరకు న్యాయంగానే ఉంది. ఆయన న్యాయాన్ని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. తర్వాత జరిగిందే నా బాధ.

బండల ఇంట్లో పుట్టినవాడికి మెరుపు అంటే ఒకటే తెలుసు, నీళ్ళు. బేరానికి వచ్చినవాళ్ళకు రాయి చూపించాలంటే పెద్దనాయన దాని మీద ఒక బకెట్ నీళ్ళు పోసేవాడు. బూడిదరంగు బండ ఒక్కసారిగా ఆకుపచ్చగానో నీలంగానో నవ్వేది. అది ఆరేలోపు బేరం తెగేది. నేనూ అదే చేశాను. మూడు బకెట్లు పోశాను, తడి గుడ్డతో అటూ ఇటూ తిప్పాను, అద్దం తళతళలాడింది. దూరంగా నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాను. చూస్తుండగానే ఆరింది. ఆరిన అద్దం మీద రాతిపొడి సున్నం వేసినట్టు తేలింది. మళ్ళీ మూడు బకెట్లు పోశాను. మళ్ళీ సున్నం తేలింది.

అవతల అన్నది మరో పద్ధతి. నీళ్ళు మోయడం వాడికి బద్ధకం. పొడి గుడ్డతో అద్దాన్ని కరకరమని రుద్దుతున్నాడు, మధ్యమధ్యలో "హా" అని ఊదుతున్నాడు.

ఆ కరకర పక్కింటి చాచాకు వినిపించింది. చాచా ఒకప్పుడు లారీ నడిపినవాడు. హైదరాబాద్ నుంచి గుల్బర్గా దాకా ఆయన చూడని రోడ్డు లేదు. కళ్ళు కొంచెం మందగించాక స్టీరింగ్ వదిలేసి ఇంటి పట్టున ఉన్నాడు. చాయ్ గ్లాసుతో గోడ మీదికి వంగి కాసేపు నన్నే చూశాడు.

"బేటా, అద్దం తుడుస్తున్నవా, బండ అమ్ముతున్నవా?"

నాకు రోషం వచ్చింది. తుడుస్తున్నానని చెప్పాను.

"బండను తడి మీద చూపిస్తరు. అద్దాన్ని ఆరినంక చూస్తరు. గంతే ఫరక్."

అని ఊరుకోకుండా లోపలికి వెళ్ళి ఒక పాత లుంగీ తెచ్చి, నా ముందే నిలువునా రెండుగా చింపాడు. కొత్త గుడ్డ అద్దానికి దుష్మన్ అట, దాని నూగు అంటుకుంటుంది. వంద ఉతుకులు తిన్న గుడ్డే కావాలి. ముందు కొద్దిగా నీళ్ళు వదిలి ఇసుకను జారనివ్వాలి, లేకపోతే గీతలు పడతాయి. తర్వాత తడి గుడ్డ. తడి అంటే కారే తడి కాదు, ఎంత మెలిపెట్టినా చుక్క రాలకూడదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక మడత నల్లబడగానే ఇంకో మడత తిప్పుకోవాలి. దాని వెనకాలే, అద్దం తనంతట తాను ఆరకముందే, పొడి గుడ్డ నడవాలి. "తడి గుడ్డ దుమ్మును తోల్కపోతది, పొడి గుడ్డ తడిని తోల్కపోతది. ఒక్కదాన్నే పంపితే పని సగంల ఆగుతది" అన్నాడు. అద్దాన్ని రెండు వేళ్ళంత దించి పై అంచు కూడా తుడిపించాడు. ఆ అంచు సంగతి ఈరోజుకీ మా అబ్బాయికి తెలియదు.

చివర్లో అసలు కిటుకు చెప్పాడు. లోపలి వైపు పై నుంచి కిందికి నిలువుగా తుడవాలి. బయటి వైపు అడ్డంగా తుడవాలి. ఎందుకు చాచా అని అడిగాను.

"గీత మిగిల్తె ఏ పక్కదో ఎర్కైతది. లేకుంటె లోపలోడు బయటోణ్ణి, బయటోడు లోపలోణ్ణి తిట్టుకుంట పొద్దంత రుద్దుతనే ఉంటరు."

నేను అలాగే తుడిచాను. లోపల నిలువు, బయట అడ్డం. ఆరినంక చూశాను. అద్దం లేనట్టే ఉంది. ఒక ఈగ వచ్చి గుద్దుకుంది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇక సీటు నాదే అనుకుని, కాళ్ళు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళాను. ఆ వెళ్ళడమే నా తప్పు. ఇంకే తప్పూ లేదు.

తిరిగి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ కారు చుట్టూ ఉన్నారు. ఎండ సరిగ్గా కుడి తలుపు మీద పడుతోంది. నా అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెడల్పాటి చారలు. "గిదేందిరా చిన్నోడా, ఆవు నాకిందా?" అన్నాడు పెద్దనాయన. అందరూ నవ్వారు. మేనత్త నవ్వింది. పెళ్ళికూతురు అక్క ఇంటి కిటికీలోంచి నవ్వింది. మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అన్న అయితే కారు పట్టుకుని నవ్వాడు.

నేను చొక్కా చేత్తోనే బయటి నుంచి రుద్దాను. పోలేదు. అంటే చారలు లోపల ఉన్నాయి. లోపలివి అడ్డంగా ఉన్నాయి. నేను లోపల అడ్డంగా ఒక్కసారైనా తుడిస్తే కదా! అదే అరిచాను. లోపల నిలువు, బయట అడ్డం, ఇవి నావి కావు, ఇంకెవరివో అని గొంతు చించుకున్నాను. పొద్దున్నుంచి ఎండలో ఉన్నాడు, మజ్జిగ ఇవ్వండి అంది మేనత్త.

అప్పుడు చాచా గోడ అవతల నుంచి వచ్చాడు. పెద్దనాయన చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, లోపలి వైపు వేలితో రాసి చూడమన్నాడు. పెద్దనాయనకు పెద్దగా వివరించాల్సిన పని లేదు. బండ మీది కోత గీతలు చూసి అది ఏ మిషన్ మీద, ఏ వైపు నుంచి కోసిందో చెప్పే మనిషి. చారను చూశాడు, మిగతా అద్దాన్ని చూశాడు, మెల్లగా తల తిప్పి అన్నను చూశాడు.

"నువ్వు రుద్దినవారా?"

అన్న ఔననలేదు, కాదనలేదు. "లగ్గం పత్రిక సంచిల పెట్టిన్రా నాయనా?" అని అడిగాడు. అందరూ ఒక్కసారి సంచి వైపు చూశారు. అప్పటికి పన్నెండేళ్ళ పిల్లవాడు! ఆ నేర్పు వాడికి ఎక్కడిదో నాకు ఈనాటికీ అర్థం కాదు.

"సరే తీయ్. చిన్నోడా, నువ్వెక్కు" అన్నాడు పెద్దనాయన.

ఇక్కడే అందరూ నన్ను మొండివాడంటారు. నేను ఎక్కలేదు. వాడు తుడిచానని ఒప్పుకుంటేనే ఎక్కుతానన్నాను. సీటు ఇచ్చారు గదా అంది అమ్మ. సీటు వేరు, ఆవు నాకిందన్న మాట వేరు అన్నాను. రాహుకాలం వస్తోందని మేనత్త. ఒప్పుకోమను అని నేను. నాయన హారన్ కొట్టాడు. నేను కారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అన్న చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అయితె నువ్వు న్యాయం తీస్కో బిడ్డా, మేము లగ్గం చూస్కుంటం" అన్నాడు పెద్దనాయన. నన్ను రెండు చంకల కింద పట్టుకుని పక్కకు పెట్టి, నా చోట్లో, అన్నను కూడా కాదని, లడ్డూల గంపను ఎక్కించాడు. చాచా ఆ చారల మీద తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి పోనిచ్చాడు. క్షణంలో పోయాయి. కారు కదిలింది. నేను తుడిచిన అద్దంలోంచి లడ్డూల గంప ఎంతో స్పష్టంగా కనిపించింది.

ఆ రోజంతా నేను బండల దొంతర మీద కూర్చున్నాను, అన్న ఇంకో దొంతర మీద. వాడి వీపు నాకు, నా వీపు వాడికి. చాచా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. మూడోసారి నా పక్కన కూర్చుని, "మరక తడి మీదనే తీసెయ్యాలె బేటా. ఎవరిదని అడుక్కుంట కూసుంటె ఎండిపోతది" అన్నాడు. నేను అవతలి బండ మీదికి జరిగి కూర్చున్నాను. ఆయన మాట తప్పని కాదు. కానీ మరక పోయాక ఇక అడగనేకూడదా?

నాలుగింటికి కారు తిరిగి వచ్చింది. ధారూర్ దగ్గర రైలు కనిపించిందట, అడగకుండానే మా అమ్మ చెప్పింది. కారు నిండా దుమ్ము. చాచా మా ఇద్దరినీ పిలిచి తడి గుడ్డ అన్న చేతిలో, పొడి గుడ్డ నా చేతిలో పెట్టాడు. ఒకే అద్దం, ఇద్దరూ కలిసి తుడవాలన్నాడు. నేను మొహం తిప్పుకుందామనుకున్నాను. కానీ వాడి చెయ్యి వెళ్ళిన చోటికి నా చెయ్యి వెంటనే వెళ్ళకపోతే అద్దం మీద సున్నం తేలుతుంది. వాడు ఆగితే నేను ఆగాలి, వాడు కదిలితే నేను కదలాలి. ఇలా ఆరు అద్దాలు అయ్యేసరికి ఎవరు ముందు మాట్లాడారో గానీ, "అంచు మర్చిపోయినవ్ అన్నా" అనడమూ, "నువ్వు తొందర పడకురా" అనడమూ జరిగిపోయాయి. పెద్దమ్మ మిగిలిన లడ్డూలు తెచ్చింది. చాచా ఆ అద్దాల వైపు చూడకుండా మా వైపే చూస్తూ చాయ్ తాగాడు.

అయితే ఒక సంగతి నేను గమనించాను. లోపలి వైపు తుడుస్తున్నప్పుడు అన్న చెయ్యి పై నుంచి కిందికే కదిలింది. నిలువుగా. ఒక్కసారి కూడా అడ్డం పోలేదు. చాచా వాడికి ఆ పాఠం చెప్పలేదు. అలాంటప్పుడు పొద్దున చారలు వాడివి కావా? లేక నా అరుపులు విని, నేను చూస్తున్నానని తెలిసి, సాయంత్రానికి చెయ్యి మార్చుకున్నాడా?

చాచా పోయి చాలా ఏళ్ళయింది. పెద్దనాయన లేడు, ఆ కారూ లేదు. నేను మాత్రం ఈరోజుకీ రెండు పాత గుడ్డలు లేనిదే అద్దం ముట్టుకోను. ఇంటి కిటికీలైనా, మా అబ్బాయి కారైనా, లోపల నిలువు, బయట అడ్డం. గీత కనిపిస్తే ఎదుటివాణ్ణి అనేముందు అది ఏ వైపుదో చూసుకుంటాను. పదిసార్లలో ఆరుసార్లు నా వైపుదే. ఒప్పుకుంటాను కూడా, తడి ఆరకముందే. అది చాచా పెట్టిన అలవాటు. ఒప్పుకోవడం ఎంత తేలికో తెలిసినవాణ్ణి కాబట్టే ఇంకొకరి దగ్గర దానికోసం ఇన్నేళ్ళుగా ఎదురు చూస్తున్నాను.

మొన్న అక్క మనవడి పెళ్ళిలో, వికారాబాద్‌లోనే, అన్న పక్కనే భోజనానికి కూర్చుని మళ్ళీ అడిగాను. ఆ పొద్దు గడిచి అరవై ఏళ్ళు కావస్తున్నా వాడిది అదే తీరు. "పెరుగు వేయించుకున్నవా?" అన్నాడు. వేయించుకున్నాను.

అన్నా, ఇది నువ్వు చదువుతావని నాకు తెలుసు. వదిన చదివి వినిపించినా సరే. సీటు నాకు వద్దు, రైలు కూడా వద్దు. కుడి తలుపు లోపలి వైపు ఆ పొద్దున తుడిచింది నువ్వేనా? కాకపోతే కాదని చెప్పు, నేను ఇంట్లో మిగతావాళ్ళను అడగడం మొదలుపెడతాను. ఔనైతే ఔనని చెప్పు. ఈ ఆదివారం పొద్దున బండికే వస్తున్నాను. రెండు గుడ్డలూ నేనే తెస్తాను, మీ ఇంటి కిటికీలు ఎలాగూ తుడవాల్సినవే. తడి గుడ్డ నీకే ఇస్తాను. తుడుస్తూ తుడుస్తూ చెప్పు.