యాకూబ్ చాచా చుక్కల గుట్ట

పొద్దున టర్పెంటైన్ సీసా మూత తియ్యగానే ఘాటు గుప్పుమంది. యాకూబ్ చాచా గుర్తొచ్చారు. గోదావరిఖనిలో మా గని పెయింటింగ్ సెక్షన్‌కు ఆయనే పెద్ద. ఆరోగ్యం పాడై నాన్న డ్యూటీ మానేస్తే ఆ ఉద్యోగం నాకిచ్చి, చాచా దగ్గర వేశారు. హెల్మెట్ పెట్టుకోండి, అటు పోవద్దు లాంటి బోర్డులు రాయడం మా పని. చాచా అక్షరం స్కేలు పెట్టి గీసినట్టుండేది.

రిటైర్మెంట్‌కు ఆరు నెలల ముందు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు, జేబులో దాచుకుని తిరిగేవారు. సరిగ్గా అప్పుడే క్యాంటీన్ గోడకు మన ప్రాంతం బొమ్మ కావాలని మేనేజర్ అడిగారు. చాచా ప్లైవుడ్ పలక మీద బొగ్గుముక్కతో, ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట అంచు గీయబోయారు. గీత మెలికలు తిరిగింది. మూడుసార్లు తుడిచారు. "నేను గియ్యనా చాచా?" అన్నాను. బొగ్గుముక్క పక్కన పెట్టి బయటికెళ్లిపోయారు. ఆ మాట ఎందుకన్నానా అని మధ్యాహ్నమంతా కుమిలిపోయాను.

మర్నాడు నాకంటే ముందే వచ్చి, కుంచె నిలువుగా పట్టుకుని, ప్లైవుడ్ మీద చుక్కలు పెడుతున్నారు. "గీత వణుకుతది గాని, చుక్కకు వణికే టైమ్ ఉండదు బిడ్డా" అని నవ్వారు.

సాయంత్రం గుట్ట రంగు కోసం నేను నలుపూ తెలుపూ కలుపుతుంటే ఆపారు. "కలపకు. నీలం పక్కన నారింజ పెట్టు. కలుపుకునే పని చూసేటోళ్ల కండ్లది." నాకు నమ్మకం కుదరలేదు. బయటికి తీసుకెళ్లి ఎదురుగా ఉన్న గుట్టను చూపించారు. "నలుపు ఏడుందో చెప్పు." వాలుతున్న ఎండలో ఊదా, ఇటుకరంగు, అక్కడక్కడా లేత పసుపు. పుట్టినప్పటి నుంచి ఆ గుట్ట పక్కనే బతుకుతూ ఒక్కనాడూ దాన్ని చూడలేదు నేను.

రెండు నెలలు పట్టింది. చివర్లో నేను పెట్టిన గోదావరి చుక్కలు గజిబిజిగా కనిపించి, తుడిచేద్దామని గుడ్డ అందుకున్నాను. "ఆగు. ముందుగాల వెనక్కి నడువు" అన్నారు. పది అడుగులు వేసేసరికి నీళ్లు మెరిశాయి.

క్యాంటీన్ గోడకు బొమ్మ పెట్టిన రోజు, షిఫ్టు దిగిన కార్మికుడొకడు దగ్గరికొచ్చి "ఏంది చాచా, అన్నీ చుక్కలేనా?" అన్నాడు. "చాయ్ తెచ్చుకొని ఆ మూలకు కూసో" అన్నారు చాచా. కాసేపటికి అతను పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "అరే, మన గుట్టనేరా! వాన వెలిసినంక గిట్లనే ఉంటది!"  చాచా చెయ్యి జేబులోంచి తీసి, గ్లాసు వణుకుతున్నా అందరి ముందూ నింపాదిగా చాయ్ తాగారు.

ఆయన పోయి రెండేళ్లు. సెక్షన్ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. చాచా రంగులు నేర్పారు. నేను ఎక్కువగా వాడేది మాత్రం ఆ వెనక్కి నడవడమే. మొన్న మా అమ్మాయితో మాటామాటా పెరిగినప్పుడు కూడా గేటు దాకా నడిచి వెనుదిరిగి చూశాను. గడపలో చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ మొండిపిల్ల ఎంత ముద్దుగా ఉందో!