మస్తాన్ మామ వేళ్లలో దోషం లేదు

2023 ఎండాకాలం. బేతంచెర్లలో నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. చుట్టూ నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలే కాబట్టి నా దగ్గరికొచ్చే ఫోన్లలో సగం రాతిపొడి పట్టినవే. స్పీకర్ మూసుకుపోయిందనో, ఛార్జింగ్ ఎక్కడం లేదనో వస్తుంటారు.

ఆ మధ్యాహ్నం మస్తాన్ వలీ వచ్చాడు. ఏళ్ల తరబడి పాలిష్ మిషన్ మీద పనిచేస్తున్న మనిషి, మాకందరికీ మస్తాన్ మామ. టచ్ పనిచేయడం లేదని ఫోన్ బల్ల మీద పెట్టాడు. తెరనిండా ఏదో ప్రకటన గంతులేస్తోంది.

"టచ్ బాగానే ఉంటాదిలేప్పా. నా యేళ్లలోనే దోషం. రేషన్ మిషన్ కూడా నా యేలిముద్ర తీసుకోదు," అన్నాడు.

రాయి పాలిష్ చేసేవాళ్ల వేళ్లు అరిగిపోతాయి, కాయలు కాస్తాయి. అది నిజమే. కానీ ప్రకటన మూలన ఉన్న ఆవగింజంత ఇంటూ గుర్తును నేను నొక్కినా అది మూతపడలేదు, పైగా ఇంకో గేమ్ దిగడం మొదలైంది. పనిలో కాస్త తీరిక దొరికితే మామ గోలీలు పేల్చే గేమ్ ఆడేవాడట. కాయిన్లు ఇస్తామంటే అది అడిగినదానికల్లా సరే అన్నాడు. అలా ఇచ్చేసిందే ఓవర్‌లే పర్మిషన్, అంటే ఫోన్‌లో ఏ పని జరుగుతున్నా దాని మీదకొచ్చి కూర్చునే హక్కు. ఇలాంటి గేములు తయారుచేసేవాళ్లను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అంతలో ఫోన్ మోగింది. ఎత్తడానికి వీల్లేకుండా ప్రకటన అడ్డంగా వచ్చింది. మామ ముఖం పాలిపోయింది. అప్పుడు చెప్పాడు.

"బిడ్డ కర్నూలు ఆసుపత్రిలో ఉండాదప్పా, కాన్పుకు. పొద్దున్నుంచి అల్లుడు చేస్తాండాడు. ఎత్తలేకపోతాండా."

అల్లుడి నంబర్ ఆ ఫోన్‌లోనే ఉంది, మామకు నోటికి రాదు. ఫోన్ ఎత్తడం కూడా చేతకాలేదంటారని ఫ్యాక్టరీలో ఎవరినీ అడగలేదట.

మోగి మోగి ఆగిపోయింది. సిమ్ తీసి నా దగ్గరున్న బటన్ల ఫోన్‌లో వేశాను. ఇక అల్లుడు మళ్లీ చేయాలి. విసిగి మానుకున్నాడేమోనని నాకు భయం పట్టుకుంది. బయట రాళ్ల లారీలు పోతుంటే మోగినా వినబడదేమోనని మామ ఆ ఫోన్‌ను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.

మోగింది. మామ పచ్చ బటన్ నొక్కాడు. అల్లుడి గొంతు నాకూ వినబడింది.

"యాడ పోతివి మామా? ఆపరేషన్ చేయల్లంట, రక్తం కావల్ల. నీదీ ఆమెదీ ఒకటే గ్రూపు కదా. బిన్నా రా, టైము లేదు."

షట్టర్ దించి నా బండి మీదే కర్నూలుకు తీసుకుపోయాను. దారంతా మామ నా భుజం మీద చెయ్యి తీయలేదు. రక్తం వేళకు అందింది. తల్లీ బిడ్డా దక్కారు.

ఆ రోజు మామ చెప్పినవాటిలో కూతురి సంగతి అన్నిటికంటే చివర వచ్చింది. ముందంతా తన వేళ్ల గురించే చెప్పుకున్నాడు. తప్పు తమదే అనుకునేవాళ్లు అసలు అవసరం చెప్పడానికి కూడా మొహమాటపడతారు. అందుకే ఇప్పుడు టచ్ పోయిందని ఎవరొచ్చినా, ఫోన్ చేతిలోకి తీసుకోకముందే అడుగుతాను, "ఎవరి ఫోన్ కోసమన్నా చూస్తాండారా?" అని.