రేపల్లె బండిలో హిమాలయాల రాయి

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. హిమాలయాల్లో ఖనిజాల సర్వే ముగించుకుని, రేపల్లెలో ఉన్న అక్కను చూడడానికి తెనాలిలో బండెక్కాను. ఒళ్లో పచ్చటి చారలున్న రాయి ఒకటి ఉంది. మారుమూల కొండల్లో రోజుల తరబడి తిరిగితే కనిపించిన రాగి జాడ అదొక్కటే. బావగారి ముందు పెట్టి కాస్త గొప్పలు పోదామని నా ఆశ.

ఎదురుగా ఎండుచేపల బుట్టతో కూర్చున్న పెద్దావిడ కన్ను దానిమీద పడింది.

“దేనికండీ బాబూ ఆ రాయి?”

“హిమాలయాల కొండల్లో దొరికింది. ఇందులో రాగి ఉందమ్మా.”

“చెంబుకి సరిపోద్దా?”

“గరిటెక్కూడా రాదు.”

“అయితే నాకిచ్చెయ్యండి. పిల్లి రోజూ బుట్ట మూత తోసేస్తంది.”

“పట్టాల పక్కన బోలెడు కంకర ఉందిగా?”

“దాన్ని మా పిల్లి లెక్కచెయ్యదండి. మావైపు అంతా మట్టే, ఇంత రాయెక్కడిది? మీకేం, కొండనిండా ఉంటాయి!”

నాది కర్నూలు. రాయిని ఇలా అడిగి పుచ్చుకునేవాళ్లను మా ఊళ్లో ఎన్నడూ చూడలేదు. పైగా ఆ హిమాలయాల రాగి తవ్వకానికి పనికిరాదని రిపోర్టు రాసింది నేనే. కాదనలేక ఇచ్చేశాను.

ఆవిడ దాన్ని మూతమీద పెట్టి చూసింది. అది అటూ ఇటూ ఊగింది. రేపల్లెలో దిగుతూ నన్నే మందలించింది.

“ఈసారి ఆ కొండెక్కినప్పుడు అడుగు చదునుగా ఉన్నది చూసి తీసుకురండి బాబూ.”